గ్రీకు పెరుగు పచ్చడికి కొన్న కప్పు పెరుగా, మూట కట్టిన గేదె పెరుగా: ఏది మేలు?

మా అమ్మాయి చెన్నై హాస్టల్ నుంచి కావలి వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త తిండి పేరు పట్టుకొస్తుంది. పోయిన వేసవి సెలవులకు తెచ్చిన పేరు గ్రీకుల జాజీకి. చిక్కటి పెరుగు, కీరా, వెల్లుల్లి, ఉప్పు, కాస్త పులుపు, పైన ఆలివ్ నూనె, అంతే. మా అత్తమ్మ సగం వినగానే "ఏందమ్మాయ్, పెరుగు పచ్చడేగా, దానికి అంత బిల్డప్ ఎందుకు" అనేసింది. నేనూ అదే అనుకున్నా, మూడుసార్లు చేసి మూడుసార్లూ చెడగొట్టేదాకా.

పేరు పలకడానికి భయపడక్కర్లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో (tzatziki) చూస్తే నోరు తిరగదు గానీ, ముందున్న "జా"ని జడ, జల్లెడ అన్నప్పుడు పలికే జ లాగా పలికితే సరిపోతుంది, అది మనకు పుట్టుకతో వచ్చిన శబ్దమే. టర్కీ వాళ్ల జాజిక్ అనే మాటే గ్రీకుల నోట్లో అలా మారింది. టర్కీలో అది నీళ్లు కలిపి పల్చగా, ఇంచుమించు మన మజ్జిగలా ఉంటుంది, గిన్నెలో పోసుకుని చెంచాతో తాగుతారు. గ్రీకులది మాత్రం చెంచా గుచ్చితే నిలబడాలి. అంటే మొత్తం గొడవ నీళ్ల దగ్గరే ఉంది. పెరుగులో నీళ్లు, కీరాలో నీళ్లు. ఏ పెరుగు మేలు అని అడిగితే దేనిలో నీళ్లు తక్కువ, పులుపు తక్కువ అని అడిగినట్టే.

ముందు కొన్న కప్పు సంగతి. నెల్లూరులో పెద్ద దుకాణాల్లో గ్రీకు పెరుగు అని చిన్న చిన్న కప్పులు దొరుకుతున్నాయి. మొదటిసారి హడావుడిలో తెచ్చినదాని మీద ఏముందో చదవలేదు, ఇంటికొచ్చి వెల్లుల్లి తురిమి కలిపాక నోట్లో పెట్టుకుంటే వెనీలా ఐస్‌క్రీమ్‌లో వెల్లుల్లి వేసినట్టుంది. తప్పు నాదే. ఆ కప్పుల్లో సగం పైగా పండ్ల రుచులు, తీపి వేసినవే ఉంటాయి, ప్లెయిన్ అని రాసి ఉన్నది ఒకటో రెండో మూలన ఉంటాయి. కాబట్టి వెనక్కి తిప్పి పదార్థాలు చదవండి, పాలు, తోడు తప్ప చక్కెర, చిక్కదనానికి కలిపే పిండి లాంటివి ఉంటే పక్కన పెట్టేయండి.

సరైనది దొరికితే మాత్రం కప్పు పెరుగుకు వంక పెట్టలేను. పులుపు తక్కువ, ఎప్పుడు తెచ్చినా ఒకటే రుచి, పదిహేను నిమిషాల్లో పని అయిపోతుంది. వడకట్టిన పెరుగు కనుక మాంసకృత్తులు కూడా మామూలు పెరుగుకు రెట్టింపు దాకా ఉంటాయి, జిమ్ముకు వెళ్లే పిల్లలు ఎగబడేది అందుకే. చిక్కల్లా డబ్బుతోనే. లీటరు పాల ధరకు అలాంటి చిన్న కప్పులు ఒకటో రెండో వస్తాయి. ఇద్దరు తినడానికైతే సరే, మా ఇంట్లో ఆదివారం పూట తొమ్మిది మంది కూర్చుంటాం, ఆ లెక్కన కప్పులు కొంటే అసలు కూర కంటే నంజుకునేదానికే ఎక్కువ అవుతుంది.

ఇక మూట. పలచటి నూలు గుడ్డలో పెరుగు పోసి, నాలుగు కొసలూ కలిపి ముడేసి వేలాడదీస్తే నీళ్లు కారిపోయి మెత్తటి ముద్ద మిగులుతుంది. చెప్పడానికి ఇంతే. నేను చేసినప్పుడు ఏమైందంటే, పాత పంచె ముక్క ఒకటి శుభ్రంగా ఉతికిందే కదా అని తీసుకున్నా. రాత్రి సింకు కొళాయికి వేలాడదీసి పడుకున్నా. పొద్దున అత్తమ్మ వంటింట్లోకి వచ్చి "ఎవురే పెరుక్కి ఉరేసింది" అని కేక. మూట విప్పితే ముద్ద చూడ్డానికి వెన్నలా తెల్లగా, గుడ్డ నేత అచ్చు దాని మీద గళ్లు గళ్లుగా పడి, భలే ఉంది. రుచి చూస్తే ఒక పక్క బట్టల సబ్బు వాసన, ఇంకో పక్క పళ్లు జివ్వుమనే పులుపు. సబ్బు వాసనకు మందు సులువే, గుడ్డను సబ్బు లేకుండా నీళ్లలో మరగబెట్టి ఆరేయాలి, దాన్ని పెరుగుకు తప్ప దేనికీ వాడకూడదు. పులుపు సంగతే అసలైన పాఠం.

ఈ వంటకం చెప్పేవాళ్లలో చాలామంది చలి దేశాల వాళ్లు, రాత్రంతా వేలాడదీయండి అని తేలిగ్గా చెప్పేస్తారు. మనకు రోహిణి కార్తెలో మధ్యాహ్నం తోడేసిన పాలు సాయంత్రానికే గడ్డకడతాయి, రాత్రికి పులుస్తాయి. అలాంటి పెరుగును ఇంకో ఎనిమిది గంటలు వంటింటి వేడిలో వేలాడదీస్తే నీళ్లతో పాటు పులుపంతా కారిపోదు కదా, లోపల ఇంకా పెరుగుతూ పోతుంది. అందుకని మన వేసవికి దారి ఒక్కటే: పెరుగు తోడుకున్న వెంటనే, పులవకముందే, ఫ్రిజ్‌లో ఒక గంట ఉంచి, తర్వాత గుడ్డ పరిచిన జల్లెడలో పోసి, జల్లెడను లోతైన గిన్నె మీద పెట్టి, మొత్తాన్ని ఫ్రిజ్‌లోనే ఆరు నుంచి ఎనిమిది గంటలు వదిలేయాలి. పైన మూత పెట్టడం మర్చిపోవద్దు, లేకపోతే నిన్నటి చేపల పులుసు వాసనంతా పెరుగు పీల్చుకుంటుంది. కరెంటు పోతే తలుపు తీయకుండా ఉంటే చాలు. సంక్రాంతి రోజుల్లో అయితే ఈ తంటా లేదు, రాత్రి బయటే వేలాడదీసుకోవచ్చు.

మూటకైనా ఏ పాలు అన్నది ఇంకో తగువు. టోన్డ్ పాల పెరుగు వడకడితే ముద్ద తక్కువ వస్తుంది, వచ్చింది కూడా నాలుక మీద పిండి పిండిగా తగులుతుంది, అందులో వెన్న 3 శాతమే. ఫుల్ క్రీమ్ ప్యాకెట్‌లో 6 శాతం ఉంటుంది, దానితో ముద్ద నున్నగా వస్తుంది. మా వీధిలోకి వచ్చే గేదె పాలు మంచి రోజున దానికంటే చిక్కగా ఉంటాయి, కానీ అన్నీ మంచి రోజులు కావు. పాలల్లో నీళ్లు ఎన్ని కలిశాయో నోటితో అడిగితే తగాదా అవుతుంది గానీ, మూట కింద గిన్నె చూస్తే చాలు, లెక్క తేలిపోతుంది. లీటరు మంచి గేదె పెరుగుకు నాకు 400 నుంచి 500 గ్రాముల ముద్ద వచ్చింది, ఒక వారం మాత్రం 300 కూడా దాటలేదు. ఆ వారం పాలాయనకు మూట గురించి చెప్పాను. నవ్వాడు, పాలు మాత్రం చిక్కబడ్డాయి.

మీగడ తీయకండి. మా ఇంట్లో మీగడ అత్తమ్మ సొత్తు, నెయ్యికి దాస్తుంది. ఒకసారి ఆమెకు చెప్పకుండా మీగడతోనే తోడేశాను, రెండు రోజులు మాట్లాడలేదు. కానీ జాజీకి రుచి ఆ మీగడలోనే ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గ్రీకు పల్లెల్లో పెరుగు పాతకాలం నుంచి గొర్రె పాలు, మేక పాలతో చేసేది. గొర్రె పాలల్లో వెన్న 6, 7 శాతం ఉంటుంది, ఆవు పాల కంటే బాగా ఎక్కువ, మన గేదె పాలకు దగ్గర. అంటే ఆవు పాలతో చేసి గ్రీకు అని పేరు పెట్టిన కప్పు కంటే కావలి గేదె పెరుగు మూటే ఆ పల్లె పెరుగుకు దగ్గరి చుట్టం. నెల్లూరు గొర్రెకు అంత పేరుంది, దాన్ని మాంసానికే పెంచుతాం, పాలు పిండి తోడేయాలన్న ఆలోచన మనకు లేదు. ఒంగోలు పశువు బ్రెజిల్ దాకా పోయి అక్కడ నెలోరే అని మన నెల్లూరు పేరే పెట్టించుకుంది, ఇక్కడ మా పెరుగు గిన్నెలో మాత్రం ఎప్పుడూ గేదే.

పెరుగు ఏదైనా, కీరా దగ్గర తప్పితే అంతా తప్పినట్టే. కీరాలో 95 శాతం నీళ్లే. నేను మూడోసారి చెడగొట్టింది ఇక్కడే, ఎనిమిది గంటలు కష్టపడి పెరుగులో నీళ్లు తీసి, తురిమిన కీరాను అలాగే కలిపేసి ఆ నీళ్లన్నీ తిరిగి పోసినట్టు చేశాను. అరగంటకు గిన్నె చుట్టూ చెరువు కట్టింది. తురిమాక అర చెంచా ఉప్పు చల్లి ఇరవై నిమిషాలు ఆగితే కీరా తనే నీళ్లు వదులుతుంది, అప్పుడు పిడికిట్లో పట్టి గట్టిగా పిండాలి, బొటనవేలు తెల్లబడేంత గట్టిగా. రెండు మామూలు కీరాలకు అర గ్లాసు దాకా వచ్చాయి. పిండిన తురుము చూస్తే ఇంతేనా అనిపిస్తుంది, అంతే ఉండాలి. ఉప్పు ముందే పడింది కాబట్టి పెరుగులో మళ్లీ వేసేముందు రుచి చూసుకోండి.

కీరా బదులు మన పసుపు దోసకాయ వాడొచ్చా అని అత్తమ్మ పందెం కాసినట్టు అడిగింది, వేశాం. కండ గట్టిగా, కరకరలాడుతూ ఉంటుంది, నీళ్లు కీరా అంత వదలదు, ఆ లెక్కన మేలే. కానీ దానికి సొంత పులుపు ఉంది, గింజల దగ్గర మరీను, పైగా కొన్ని చేదుగా తగులుతాయి, చేదు కాయ ఒక్కటి పడితే గిన్నెంతా పారబోయాల్సిందే. కోసిన వెంటనే ముక్క నమిలి చూసి వేసుకుంటే బాగుంటుంది, కాకపోతే అప్పుడది జాజీకి కాదు, మంచి దోసకాయ పెరుగు పచ్చడి. నాకు ఇష్టమే. మా అమ్మాయి ఒప్పుకోలేదు.

వెల్లుల్లి ఒక కప్పు ముద్దకు ఒక్క పెద్ద రెబ్బ, మన చిన్న రెబ్బలైతే రెండు. ఘాటు ఎక్కువ అనిపిస్తే చిన్న రోట్లో ఉప్పుతో నూరి నిమ్మరసంలో పది నిమిషాలు ఉంచండి, పులుపు తగిలితే పచ్చి ఘాటు తగ్గుతుంది. గ్రీకులు వెనిగర్ కూడా వేస్తారు గానీ గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్లు పక్కనే పెట్టుకుని నేను వెనిగర్ ఎందుకు కొంటాను. పెరుగు కాస్త పులిసి ఉంటే ఆ నిమ్మరసం కూడా మానేయండి. ఆకుకూర విషయంలో వాళ్లు వేసేది సోయికూర, లేదా పుదీనా, మా సంతలో సోయికూర నాకు దొరకలేదు, పుదీనా చాలు. కొత్తిమీర, పచ్చిమిర్చి, జీలకర్ర పొడి పడ్డాయంటే అది రైతా దారి పట్టినట్టే.

నూనె దగ్గర నేను కాస్త మొండిదాన్ని. ఆలివ్ నూనె ఉంటే పైన రెండు చెంచాలు, లేకపోతే ఏమీ వద్దు. నువ్వుల నూనె వేసి చూశాను, ఆవకాయ అన్నం గుర్తొచ్చింది తప్ప కీరా గుర్తు రాలేదు. వేరుశనగ నూనె పచ్చి వాసన అసలు నప్పదు. గేదె మీగడ ఉన్నప్పుడు నూనె లోటు తెలియదు కూడా. ఇంకోటి, ఎంత తొందరలో ఉన్నా మిక్సీలో వేయొద్దు, కష్టపడి చిక్కగా చేసిన ముద్ద పది సెకన్లలో మజ్జిగ అవుతుంది. చెంచాతో మెల్లగా తిప్పితే చాలు.

దేనితో తినాలి అంటే చపాతీ, కాల్చిన కోడి ముక్కలు, గారెలు, దేనికైనా బాగుంటుంది, నెల్లూరు కారం దోసె పక్కన అయితే మంట ఆర్పడానికి దీని తర్వాతే ఏదైనా. రొయ్యల వేపుడుతో వడ్డించబోతే అత్తమ్మ చెయ్యి పట్టుకుంది, చేపా రొయ్యా పెరుగుతో కలపకూడదని. గ్రీకు సముద్రపు ఒడ్డున వేయించిన కణవలతో (స్క్విడ్) ఇదే తింటారని మా అమ్మాయి వాదించింది. ఆ పూటకు రొయ్యలు ఒక పళ్లెంలో, జాజీకి ఇంకో పళ్లెంలో, ఎవరి పుణ్యం వాళ్లది అన్నట్టు తిన్నాం.

నా తీర్పు అడిగితే, ముందురోజు గుర్తుంటే ఫుల్ క్రీమ్ పాలో చిక్కటి గేదె పాలో తోడేసి, ఫ్రిజ్‌లో జల్లెడ మీద వడకట్టిన పెరుగుకే ఓటు. రుచికీ అదే, లెక్కకూ అదే. గంటలో చుట్టాలు దిగుతున్నారంటే, ఇద్దరే తింటారంటే కప్పు తెచ్చుకోండి, నామోషీ ఏం లేదు. నడి వేసవిలో ఫ్రిజ్‌లో చోటు లేక బయట వేలాడదీయడం తప్పదనుకుంటే మాత్రం నాలుగు గంటలు కూడా ఎక్కువే, దానికంటే కప్పే మేలు.

కారిన నీళ్లు పారబోయకండి, లీటరుకు అర లీటరుకు పైనే వస్తాయి, చపాతీ పిండి తడపడానికి వాడితే మెత్తగా ఉంటాయి, కాస్త ఉప్పు, అల్లం వేసి తాగినా బాగుంటుంది. కలిపిన జాజీకి మూత పెట్టి ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది, మూడో రోజుకు ఎంత పిండినా కీరా కాస్త నీరు వదలనే వదులుతుంది. మొన్న అలా మిగిలిన గిన్నెను నేను చూసేలోపు అత్తమ్మ ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టేసి అన్నంలో కలిపి మా అమ్మాయికే తినిపించింది, అది "ఇదేమి పచ్చడి నాయనమ్మా, రేపు కూడా చెయ్యి" అంది.