ఏడో నిబంధన కొట్టేస్తే పంపదగిన ఫుట్‌బాల్ శిబిరం

దాళ్వా కోతలు ముగిసి, కాలువలు కట్టేసిన తరువాత కోనసీమ పిల్లలకు దొరికే వేసవి ఖాళీలో ఐదు వారాలను ఈసారి మా 11 ఏళ్ల అబ్బాయి ఒక ఫుట్‌బాల్ శిబిరంలో గడిపాడు. అమలాపురానికి దగ్గరలో, మూడేళ్ల కిందటి దాకా వరిచేనుగా ఉన్న స్థలంలో వేసిన టర్ఫ్ మీద ఈ శిబిరం నడిచింది. ఫీజు 4,500 రూపాయలు, అందులోనే ఒక జెర్సీ, రోజూ మజ్జిగ. శిబిరం పేరు ఇక్కడ రాయడం లేదు. మెచ్చుకోవలసినవి అక్కడ చాలా ఉన్నాయి గాని, తప్పుపట్టవలసినది ఒకటి గట్టిగానే ఉంది: తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించే ఒప్పందంలోని ఏడో నిబంధన. పేరు పక్కన పెడితేనే రెండింటినీ మొహమాటం లేకుండా చెప్పగలను.

ముందు మైదానం సంగతి. ఉదయం 5.45 నుంచి 7.30 వరకు ఆట పెట్టడం తెలివైన పని, ఎందుకంటే మే నెలలో మన ఉక్కపోతకు తోడు ప్లాస్టిక్ గడ్డి కూడా వేడెక్కితే తొమ్మిది దాటాక దాని మీద కాలు పెట్టడం కష్టం. టర్ఫ్‌లో చల్లిన నల్లటి రబ్బరు గింజలు మేజోళ్లలో చేరి ఇల్లంతా రాలుతాయి, వాటికి అలవాటు పడాలి. నా ఫిర్యాదు బంతి గురించి. పెద్దవాళ్ల మ్యాచ్‌లలో వాడే 5వ నంబరు బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు; 8 నుంచి 12 ఏళ్ల పిల్లలకు అంతకంటే చిన్నదైన 4వ నంబరు బంతి ఇవ్వడం అంతటా ఉన్న పద్ధతి. ఇక్కడ అందరికీ 5వ నంబరు బంతే ఇచ్చారు. మొదటి వారం మా వాడు కాలు నొప్పి అని మూలగడానికి అదే కారణమని నా అనుమానం.

శిక్షణ మాత్రం నేను ఊహించినదాని కంటే చాలా బాగుంది. ప్రధాన శిక్షకులు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య శిక్షకులకు ఇచ్చే డి లైసెన్సు ఉన్నవారు, ఒకప్పుడు తానూ గోల్స్ కొట్టే స్ట్రైకర్‌గా ఆడినవారు. మొదటి నాలుగు రోజులు ఆయన పిల్లల చేత ఒక్క గోల్ కూడా కొట్టించలేదు. బంతి కాలికి తగలగానే ఎటు పోవాలో ఆ మొదటి తాకిడిలోనే నిర్ణయం కావాలని, అందుకోసం బంతి వచ్చేలోపే భుజం మీదుగా వెనక్కి చూసుకోవాలని, ఆ ఒక్క అలవాటునే పట్టుకుని సాధన చేయించారు. ఆయన పిల్లవాడి వెనుక నిలబడి వేళ్లు చూపిస్తారు. పాస్ అందుకునేవాడు బంతిని ఆపే ముందే ఎన్ని వేళ్లో అరిచి చెప్పాలి. మొదటి రోజు 14 మందిలో సరిగా చెప్పినవాళ్లు ఇద్దరే, మూడో వారానికి దాదాపు అందరూ చెబుతున్నారు. చివరి 20 నిమిషాలు నలుగురేసి జట్లుగా చిన్న గోల్స్‌తో ఆడించడం వల్ల ప్రతి పిల్లవాడికీ బంతి మాటిమాటికీ అందింది. బడిలో పెద్ద మైదానంలో 22 మందితో ఆడినప్పుడు మా వాడు అంచున నిలబడి చూసేవాడు. ఆయన పిల్లల మీద కేకలు వేయరు. తల్లిదండ్రులు గట్టు మీద నుంచి కేకలు వేస్తే మాత్రం మర్యాదగా పక్కకు పిలిచి వద్దంటారు. ఆ మర్యాద నాకూ ఒకసారి జరిగింది.

మూడో ఆదివారం తల్లిదండ్రులను కూడా పిలిచి తెర మీద బొమ్మలు చూపిస్తూ నిర్వాహకులు ఒక ప్రసంగం చేశారు. అందులో కథానాయకుడు ఘనా దేశపు ఆటగాడు నీ ల్యాంప్టీ. పేరు వినగానే పిల్లలు ‘నీ ల్యాంప్టీయా, నా ల్యాంప్టీయా’ అని నవ్వుకున్నారు గాని, కథ మొదలయ్యాక నిశ్శబ్దమయ్యారు. 1974లో పుట్టిన ఈ కుర్రవాడు 16 ఏళ్లకే బెల్జియంలోని ఆండర్లెక్ట్ క్లబ్బుకు ఆడి గోల్ చేశాడు. 1991లో ఇటలీలో జరిగిన 17 ఏళ్లలోపువారి ప్రపంచ పోటీలో ఘనా ఫైనల్లో స్పెయిన్‌ను 1-0తో ఓడించి కప్పు గెలిస్తే, ఉత్తమ ఆటగాడికిచ్చే గోల్డెన్ బాల్ ఇతనికి దక్కింది. తన వారసుడు ఇతడేనని పెలే అంతటివాడు అన్నాడు. ఇదంతా నిజమే. ఇటలీలో గెలిచాకనే యూరప్ పిలిచిందని చెప్పడం ఒక్కటే పొరపాటు. నైజీరియా ఆటగాడు స్టీఫెన్ కేషీ సాయంతో ల్యాంప్టీ అంతకుముందే బెల్జియం చేరాడు. ప్రసంగం అక్కడితో ఆగి, ‘మీ అబ్బాయీ అక్కడికి చేరవచ్చు’ అన్న వాక్యం తెర మీదకు వచ్చింది.

ఆ తరువాతి కథ నాకు తెలుసు కాబట్టి కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. ల్యాంప్టీ 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన ఘనా జట్టులో ఉన్నాడు. ఆ మరుసటి సంవత్సరం హాలండ్‌లోని పి.ఎస్.వి. క్లబ్బులో, బ్రెజిల్ స్ట్రైకర్ రొమారియో వెళ్లిపోయిన ఖాళీలోకి వచ్చి, బాగానే గోల్స్ చేశాడు. అంతవరకే ఎక్కుడు మెట్లు. 1994లో ఇంగ్లాండులోని ఆస్టన్ విల్లా, 1995లో కొవెంట్రీ. రెండు చోట్లా కలిపి అక్కడి అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లో ఒక్క గోల్ కూడా లేదు. తరువాత ఇటలీ, అర్జెంటీనా, టర్కీ, పోర్చుగల్, జర్మనీ, చైనా, అరబ్ దేశాలు. ఒక చోట కుదురుకునేలోపే మరో చోటికి మారుతూ పోయాడు. ఆ తిరుగుడులోనే అర్జెంటీనాలో ఉన్నప్పుడు కొడుకును, జర్మనీలో ఉన్నప్పుడు కూతురిని పోగొట్టుకున్నాడు.

ఈ పతనానికి ఆటలోని లోపం ఒక్కటే కారణం కాదు. ఇంట్లో తండ్రి దెబ్బలు, బడికి ఎగనామం, పసితనం నుంచే బంతి వెంట తిరుగుడు. అలా పెరిగిన ల్యాంప్టీకి అప్పట్లో చదవడం వచ్చేది కాదు. ఏజెంటు ముందుంచిన కాగితాల్లో ఏముందో తెలియకుండానే సంతకాలు చేశానని, తనను ఒక క్లబ్బు నుంచి మరో క్లబ్బుకు మార్చిన ప్రతిసారీ ఎవరికి ఎంత ముట్టిందో తనకు తెలియలేదని ఆయనే తరువాత చెప్పుకున్నాడు. ఆట మానేశాక ఆయన చేసిన పనులు చూస్తే ఆ బాధ ఎంత లోతైనదో అర్థమవుతుంది. ఘనా రాజధాని ఆక్రాలో గ్లో ల్యాంప్ అనే బడి కట్టాడు. తనకు దక్కని చదువు పిల్లలకు దక్కాలన్నదే అందుకు కారణమని చెప్పాడు. 2009లో ఘనాలోని సెకోండి వైజ్ ఫైటర్స్ జట్టుకు సహాయ శిక్షకుడయ్యాడు, పిల్లల కోసం ఫుట్‌బాల్ అకాడమీ పెట్టాడు. శిబిరంలో చెప్పవలసిన కథ నిజానికి ఇక్కడ మొదలవుతుందని నా అభిప్రాయం. ఒక మాజీ స్ట్రైకర్ పిల్లలకు ఆట నేర్పుతున్న చోట ఈ భాగమే వదిలేయడం మరీ విచిత్రం.

ప్రసంగం అయ్యాక సమోసాలతో పాటు నాలుగు పేజీల ఇంగ్లీషు ఒప్పంద పత్రం పంచి, చివరి పేజీలో సంతకం పెట్టమన్నారు. నా పక్కన కూర్చున్న కొబ్బరి వ్యాపారి ఒకాయన ‘జెర్సీ కోసమేమోనండీ’ అంటూ సంతకం చేసేశారు. నేను చదివాను. ఏడో నిబంధన ప్రకారం పిల్లవాడు రాబోయే 10 సంవత్సరాలలో ఏ క్లబ్బుకు ఆడినా, వచ్చే రాబడిలో 20 శాతం శిబిరానికి చెందుతుంది, వేరే శిక్షణకు వెళ్లాలంటే వీరి అనుమతి కావాలి. 18 ఏళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదు కాబట్టే సంతకం తండ్రి దగ్గర అడిగారన్నమాట. 18 ఏళ్లలోపు ఆటగాడితో ఏ క్లబ్బైనా 3 సంవత్సరాలకు మించి ఒప్పందం చేసుకోకూడదని ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫా నిబంధన ఉండగా, ఒక వేసవి శిబిరం 10 సంవత్సరాలు అడగడం హాస్యాస్పదం. కరపత్రంలోని ‘16 ఏళ్లకే విదేశీ క్లబ్బు’ అన్న ఆశ కూడా అలాంటిదే. 18 నిండని ఆటగాళ్లను ఒక దేశం నుంచి మరో దేశపు క్లబ్బుకు మార్చడాన్ని, కొన్ని మినహాయింపులు తప్ప, ఫిఫా 2001 నుంచి నిషేధించింది. ల్యాంప్టీ వెళ్లిన దారి ఈనాడు మూసి ఉంది.

నిర్వాహకులతో మాట్లాడితే, ఆ కాగితం వేరే నగరంలోని ఎవరిదో చూసి తయారు చేయించుకున్నదని, తామే పూర్తిగా చదవలేదని అన్నారు. అది నిజమైతే మరీ విడ్డూరం, అబద్ధమైతే చెప్పేదేముంది. శిక్షకులు మాత్రం అంతా విని, ‘కొట్టేయండి సార్, నేనూ సంతకం పెడతాను’ అన్నారు. కొబ్బరి వ్యాపారి గారు కూడా తన కాగితం వెనక్కి తీసుకున్నారు. మిగిలినవాళ్లలో ఎందరు తీసుకున్నారో నేను అడగలేదు.

మీ పిల్లలు 8 నుంచి 14 ఏళ్ల మధ్యవారైతే, పొద్దున్నే లేపే ఓపిక మీకుంటే, ఈ శిక్షకుల దగ్గరకు నిస్సంకోచంగా పంపవచ్చు. 4,500 రూపాయలకు ఇంతకంటే శ్రద్ధగా చెప్పేవారిని ఈ చుట్టుపక్కల నేను చూడలేదు. కాగితం ఇస్తే ఇంటికి తెచ్చుకుని, తెలుగులో చెప్పించుకుని చదవండి. మా వాడు బడులు తెరిచాక శని, ఆదివారాల బ్యాచ్‌కు వెళ్తున్నాడు, మేము కొనిచ్చిన 4వ నంబరు బంతిని సంచిలో వేసుకుని. ఏడో నిబంధన మీద అడ్డగీత కొట్టి, పక్కన ఇద్దరం పొట్టి సంతకాలు చేసిన పత్రం జిరాక్సు ప్రతి పొలం పాసుపుస్తకాలున్న సంచిలోనే భద్రంగా ఉంది.