ఈ-బుక్ అరువివ్వడం: కొన్నేళ్లు వాడాక

ఈ-రీడర్ మీద చదవడంలో నాకే ఫిర్యాదూ లేదు. చదివిన పుస్తకాన్ని స్నేహితుల చేతిలో పెట్టాలనుకున్నప్పుడే తంటా. అందుకు ఉన్న దారులన్నీ ఇన్నేళ్లలో వాడి చూశాను.

ముందు లెండింగ్ సదుపాయం సంగతి. బార్న్స్ అండ్ నోబుల్ వాళ్ల నూక్ రీడర్‌లో 2009లో, అమెజాన్ కిండిల్‌లో 2010 చివర్లో ఇది వచ్చింది. షరతులు ఇంచుమించు ఒకటే: ఒక పుస్తకాన్ని ఒక్కసారే, 14 రోజులకే ఇవ్వాల్సి వచ్చేది. అదీ పబ్లిషర్ ఒప్పుకుంటేనే. 'పరహస్తం గతం గతః' అన్న మాట ఇక్కడ చెల్లేది కాదు, గడువు తీరగానే పుస్తకం దానంతటదే వచ్చేసేది. ఆ ఒక్క విషయంలో అచ్చు పుస్తకం కంటే నయం. కానీ లావుపాటి నవలకు రెండు వారాలు ఏం సరిపోతాయి? నేనిచ్చింది మా స్నేహితురాలు సగంలో ఉండగానే మాయమైంది. మళ్లీ ఇద్దామని చూస్తే ఆ పుస్తకానికి లెండ్ బటనే కనిపించలేదు. చివరికి ఆవిడ సొంతంగా కొనుక్కుంది. పబ్లిషర్‌కు కావలసిందీ అదేనేమో!

ఈ-కాపీ ఎంత వాడినా నలగదు, ఒకటి పదవుతుంది అన్నది పబ్లిషర్ల వాదన. 2019లో, పాత ఈ-బుక్కులు అమ్మే టామ్ కబినెట్ అనే డచ్ సంస్థ కేసులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం కూడా ఇలాంటి కారణాలే చూపి, అనుమతి లేకుండా పాత ఈ-బుక్కులు తిరిగి అమ్మకూడదంది. సరే, అమ్మకం సంగతి ఒప్పుకుంటాను. అరువులో మాత్రం, ఇచ్చినన్నాళ్లూ నా కాపీకి తాళం పడే ఉండేది కదా, ఇద్దరం ఒకేసారి చదవలేకపోయేవాళ్లం. మరి జీవితంలో ఒక్కసారే అన్న షరతు దేనికి? ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

ఫ్యామిలీ షేరింగ్ ఇంట్లోవాళ్ల మధ్య హాయిగా నడుస్తుంది. స్నేహితులకు పనికిరాదు.

టోర్ బుక్స్‌లా 2012లోనే డీఆర్ఎం (కాపీ చేయకుండా ఈ-బుక్‌కు వేసే డిజిటల్ తాళం) తీసేసిన ప్రచురణ సంస్థలున్నాయి. అలాంటివి దొరికితే నేను వాటికే మొగ్గుతాను, రీడర్ మార్చినా పుస్తకాలు నాతోనే వస్తాయి. అలాగని ఆ ఫైళ్లను అందరికీ పంచే హక్కేమీ రాదు. కొన్నిటిలో కొన్నవాళ్ల గుర్తులు వాటర్‌మార్క్‌గా ఉంటాయి కూడా.

లెండింగ్ బటన్‌కు నా మార్కులు ఐదుకు ఒకటి. ఇప్పుడు ఎవరైనా పుస్తకం అడిగితే నా పాత రీడర్‌నే ఇచ్చేస్తున్నాను. మీరూ ఇస్తే, ముందు అందులో స్టోర్‌కు పాస్‌వర్డ్ పెట్టండి.