ఇంటిల్లిపాదికీ జిగ్సా (ముక్కలు కలిపి బొమ్మ పూర్తిచేసే ఆట): 500 ముక్కలా, 1000 ముక్కలా?

ధర: 1000 ముక్కల పెట్టె ఖరీదెక్కువే, రెట్టింపు మాత్రం కాదు.

చోటు: 500 ముక్కల బొమ్మ సుమారు 49×36 సెం.మీ., టీపాయ్ చాలు. 1000 ముక్కలది 70×50 సెం.మీ. దానికి మంచం కిందికి తోసేయగల ప్లైవుడ్ పలక ఉంటే హాయి.

శ్రమ: అసలు తేడా ఇక్కడే. ముక్కలు రెట్టింపైతే సరిచూడాల్సిన జతలు దాదాపు నాలుగింతలవుతాయి. 500 ఆదివారంలో తేలిపోవచ్చు, 1000 రోజుల తరబడి సాగుతుంది. అన్నాళ్లు పరిచి ఉంచితే ముక్క పోతుందేమోనన్న టెన్షన్ కూడా ఎక్కువే. మూడేళ్లలోపు పిల్లలుంటే రెండింటినీ అందనివ్వకండి.

తాతయ్య, అమ్మమ్మ, ఎనిమిదేళ్ల మనవరాలు కలిసి కూర్చునేదైతే 500 తీసుకోండి, అంచు ముక్కలు ఏరే పని పాపకివ్వండి. టీనేజ్ పిల్లలు, వేసవి సెలవులు ఉంటే 1000 బాగుంటుంది. అయితే సగం బొమ్మ నీలాకాశమే ఉన్నది కొనకండి, ఒకే రంగు ముక్కల్లో ఏది ఎక్కడిదో పోల్చుకోవడం కష్టం.