వరదలో మునిగిన గీజర్‌తో రెండున్నరేళ్లు

మాది సిరొంచ. ఇల్లు ప్రాణహిత వైపు దిగే వాలులో ఉంది కాబట్టి స్నానాల గది రోడ్డు మట్టానికి కిందికి పడింది. 2022 జులై వరదలో ఆ గది సజ్జ దాకా నిండిపోయింది. 25 లీటర్ల, 2000 వాట్ల గీజర్ రెండు రోజులు నీళ్లలోనే ఉంది. అప్పటికి కొని 20 నెలలు.

బురద ఎత్తిపోశాక మా బామ్మర్ది "ఎండింది కదా బావా, ఒకసారి వేసి చూద్దామా" అన్నాడు. వద్దన్నాను. ఎంత మంచి పని చేశానో తర్వాత తెలిసింది. చెన్నూరు నుంచి వచ్చిన మెకానిక్ కింది మూత విప్పగానే చెంబెడు ఎర్రనీళ్లు అతని కాళ్ల మీద పడ్డాయి. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ స్క్రూల చుట్టూ ఒండ్రు మైనంలా పట్టేసింది. పైకి చూస్తే మాత్రం తుడిచి పెట్టిన గిన్నెలా ఉంది!

కరెంటు లీకేజీని కొలిచే మెగ్గర్‌తో చూస్తే, నీళ్లు కాచే కాయిల్‌కీ బాడీకీ మధ్య రెసిస్టెన్స్ దాదాపు సున్నా, అంటే కరెంటు బాడీలోకి వచ్చేస్తుందన్నమాట. కాయిల్ గొట్టం లోపల మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటుంది, అది తేమను పీల్చేస్తుంది. అలాంటప్పుడు స్విచ్ వేస్తే, ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో నల్లా ముట్టుకున్నవాళ్లకే షాక్. ఆ మాట విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే పొద్దున్నే అందరికంటే ముందు స్నానానికి వెళ్లేది మా అమ్మ.

కాయిల్, థర్మోస్టాట్, మరీ వేడెక్కితే కరెంటు ఆపేసే కటౌట్, లోపలి వైర్లు మార్పించి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించాను. గీజర్ సామాన్లకు 1,850 రూపాయలు. నీట మునిగినదానికి వారంటీ లేదని కంపెనీవాళ్లు ఒక్క ముక్కలో చెప్పేశారు.

మొదటి చలికాలం బాగానే నడిచింది. నీళ్లు మునుపటిలాగే అరగంట దాటాక కాగేవి. తేడా రెండో ఏడాది తెలిసింది. రాత్రి కాచి ఆపేస్తే పొద్దుటికి మంచి వేడిగా ఉండాల్సిన నీళ్లు గోరువెచ్చగా దిగేవి. వేడి బయటికి పోకుండా ట్యాంకు చుట్టూ ఉండే ఫోమ్‌లోకి, పై రేకు సందుల్లోకి చేరిన తేమ ఎన్ని ఎండలు పోయినా ఆరలేదు. అడుగున పెయింటు బుడగలు లేచింది, గోరుతో గీరితే తుప్పు పొరలు పొరలుగా రాలేది. 2025 జనవరిలో ట్యాంకు అతుకు దగ్గర కారడం మొదలైంది. అతుకు వేయించలేదు, తీసేయించాను.

కాబట్టి నా అనుభవంలో, కింది మూత దాకా మాత్రమే తడిస్తే సామాన్లు మార్పించుకుని వాడుకోవచ్చు. నిండా మునిగితే ఆ డబ్బు కొత్తదానికి పెట్టండి. నేను పెట్టిన ఖర్చు వృథా అనను, రెండు చలికాలాలు పూర్తిగా గడిచాయి. కానీ ఫోమ్ సంగతి అప్పుడే తెలిసి ఉంటే రిపేరుకు వెళ్లేవాణ్ని కాదు.

ఇప్పుడు 15 లీటర్లది పై అంతస్తులో పెట్టించాం. పాత ఆర్‌సీసీబీనే దానికీ వాడుతున్నాం. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూసే పని మా అమ్మది.