సొంతంగా చేసుకున్న గిటార్ పెడల్స్: కోనసీమ గాలిలో ఎనిమిదేళ్లు

మాది అమలాపురం పక్కన ఒక ఊరు. ఆదివారం చర్చిలో, క్రిస్మస్ నెలంతా చుట్టుపక్కల ఊళ్ల కార్యక్రమాల్లో గిటార్ వాయిస్తాను. పెడల్స్ అంటే గిటార్ శబ్దాన్ని మార్చడానికి కాలితో తొక్కే చిన్న డబ్బాలు. నా నాలుగు పెడల్సూ ఇంట్లో నేనే సోల్డరింగ్ చేసుకున్నవి. మొదటిదానికి ఎనిమిదేళ్లు నిండాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నన్ను ముందు అడిగేది ఏ సర్క్యూట్ బాగుంటుందని. ఈ ఎనిమిదేళ్లలో నా సర్క్యూట్ ఒక్కటీ పాడవలేదు. పాడైనవన్నీ స్విచ్చులు, జాకులు (వైరు పిన్ను గుచ్చే చోట్లు), డబ్బాలు.

మొదట చేసింది బూస్టర్, అంటే గిటార్ శబ్దాన్ని పెంచేది. ఎలక్ట్రో-హార్మోనిక్స్ కంపెనీ 1968లో తెచ్చిన ఎల్‌పీబీ-1 సర్క్యూట్ అది. ఒక ట్రాన్సిస్టర్, నాలుగు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు, ఒక వాల్యూమ్ కంట్రోల్, అంతే. ఒక సాయంత్రంలో అయిపోయింది. డబ్బాగా ప్లాస్టిక్ స్విచ్ బాక్స్ పెడితే కరెంటు హమ్ అంతా లోపలికి వచ్చేసింది. రేకు అడ్డం ఉంటేనే అది ఆగుతుంది. అందుకని ఎలక్ట్రికల్ షాపులో దొరికే జీఐ (జింక్ పూత వేసిన ఇనుప) బాక్స్‌లోకి మార్చాను. హమ్ పోయింది కానీ, డ్రిల్ చేసిన కన్నాల అంచుల్లో రెండో వానాకాలానికే తుప్పు మొదలైంది. మాకు సముద్రం ఎంతో దూరం లేదు. చివరికి పోత పోసిన అల్యూమినియం డబ్బా తెప్పించాను. లోపలున్న విడిభాగాలన్నిటి కంటే దాని ఖరీదే ఎక్కువ, అయినా ఆ డబ్బు దండగ కాలేదు.

రెండోది ట్యూబ్ స్క్రీమర్ అనే పెడల్ తరహా ఓవర్‌డ్రైవ్, అంటే శబ్దాన్ని కాస్త గరుకుగా చేసేది. దీనికి కావాల్సిన 4558 ఐసీ (చిప్) కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, ఆంప్లిఫయర్లు అసెంబుల్ చేసే ప్రతి షాపు డ్రాయర్‌లోనూ ఉంటుంది. ఐసీని నేరుగా అతికించకుండా ఎనిమిది కాళ్ల సాకెట్ వేసుకోండి. ఈ సర్క్యూట్ సుమారు 720 హెర్ట్జ్ కింద ఉన్న శబ్దాన్ని తక్కువగా పెంచుతుంది, కాబట్టి కింది స్వరాలు ముద్దగా అయిపోవు. మా చర్చిలో కీబోర్డూ బేస్ గిటారూ కింద అంతా నింపేస్తాయి. వాటి మధ్య నా గిటార్ వినిపిస్తోందంటే దీనివల్లే. నాలుగింట్లో ఎక్కువ వాడేది ఇదే.

ఇక మూడోది ఫజ్, శబ్దాన్ని ఇంకా బాగా గరుకుగా చేసేది. నాకు ప్రాణం. 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ తెచ్చిన ఫజ్ ఫేస్ సర్క్యూట్, రెండు జెర్మేనియం ట్రాన్సిస్టర్లతో. మా ఊరి రేడియో మెకానిక్ బాబాయ్ పాత ట్రాన్సిస్టర్ రేడియోల్లోంచి తీసిన ఏసీ128 రకం జెర్మేనియం ట్రాన్సిస్టర్లు గుప్పెడు ఇచ్చారు. మీటర్‌తో ఒక్కొక్కటీ కొలిచి, గెయిన్ (కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క) 75 దగ్గరున్నది మొదటి స్థానంలో, 120 దగ్గరున్నది రెండో స్థానంలో పెట్టాను. జనవరిలో, సంక్రాంతి ముందు, తెల్లవారుజామున దాన్ని మొదటిసారి మోగించాను. గిటార్ వాల్యూమ్ కాస్త తగ్గిస్తే గంటలా తేటగా పలికింది, పెంచితే గర్జించింది. ఆ రోజు అన్నం తినడానికి కూడా లేవలేదు.

మే నెలలో అదే పెడల్ మధ్యాహ్నం పూట దగ్గినట్టు తెగి తెగి మోగింది. సోల్డరింగ్ తప్పేమోనని బోర్డంతా మళ్లీ అతికించాను. ఫలితం లేదు. బాబాయ్ దగ్గరికి తీసుకెళ్తే విప్పి కూడా చూడలేదు. “ఇవి ఎండకి ఓర్చుకోవురా అబ్బాయ్, పాత రేడియోలూ ఇంతే” అన్నారు. జెర్మేనియంలో లీకేజీ కరెంటు (ట్రాన్సిస్టర్‌లోంచి అనవసరంగా కారిపోయేది) వేడి పది డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపవుతుంది. దాంతో రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ అనే కాలి దగ్గర నాలుగున్నర వోల్టుల చుట్టూ ఉండాల్సింది కాస్తా జారిపోతుంది, శబ్దం తెగుతుంది. అక్కడున్న 8.2 కిలో ఓమ్స్ రెసిస్టర్ తీసేసి, దాని స్థానంలో 20 కిలో ఓమ్స్ కంట్రోల్ పెట్టి, నాబ్ బయటికి తెచ్చాను. ఇప్పుడు ఎండను బట్టి తిప్పుకుంటాను. అయినా ఏప్రిల్ నుంచి జూన్ దాకా పగటి కార్యక్రమాలకి దాన్ని తీసుకెళ్లను. మన వైపు ఏడాది పొడవునా ఒకేలా పలకాలంటే సిలికాన్ ట్రాన్సిస్టర్లతో చేసుకోండి.

దీనితోనే ఒక క్రిస్మస్ రాత్రి స్టేజీ మీద టెన్షన్ పడ్డాను. ఏసీ128 పీఎన్‌పీ రకం. దాంతో కట్టిన ఫజ్‌లో ప్లస్ వైపు గ్రౌండ్ (సర్క్యూట్ అంతటికీ ఉమ్మడి వైరు) అవుతుంది, మిగతా పెడల్స్‌లో మైనస్ గ్రౌండ్. నాలుగింటికీ ఒకే ఎడాప్టర్ తగిలించాను. గిటార్ వైర్ల ద్వారా రెండు గ్రౌండ్‌లూ కలిసి సప్లై షార్టయింది, అన్ని పెడల్సూ ఒక్కసారిగా ఆరిపోయాయి. పాస్టర్ గారు ప్రార్థన పొడిగించారు కాబట్టి ఊపిరి పీల్చుకుని వైర్లు మార్చుకోగలిగాను. అప్పట్నుంచి ఫజ్‌కి 9 వోల్టుల బ్యాటరీ మాత్రమే. అది లాగే కరెంటు చాలా తక్కువ, నెలల తరబడి వస్తుంది. బ్యాటరీ ఊరికే అయిపోకుండా, పని అయ్యాక ఇన్‌పుట్ పిన్ లాగేయడం మాత్రం మర్చిపోకూడదు.

నాలుగోది డిలే, అంటే వాయించినదాన్ని కాస్త ఆగి ఎకోలా మళ్లీ వినిపించేది. కరవోకే ఎకో బోర్డుల్లో ఉండే పీటీ2399 ఐసీతో చేసింది. పాటల మధ్య నెమ్మదిగా వాయించేటప్పుడు చాలా బాగుంటుంది. ఎకో బాగా పొడవు పెడితే గరగర వస్తుంది.

కాలితో తొక్కే తొమ్మిది కాళ్ల (పిన్నుల) స్విచ్చులు ఇప్పటికి మూడు మార్చాను. రెండు నా తప్పువల్లే పోయాయి. ఐరన్ ఎక్కువసేపు ఆనిస్తే లోపలి ప్లాస్టిక్ కరిగి కాంటాక్ట్ కదిలిపోతుంది. ఒక్కో కాలికి రెండు సెకన్లకు మించి ఆనించకండి, పక్క కాలికి వెళ్లేముందు చల్లారనివ్వండి. జాకులు వానాకాలంలో నల్లబడి శబ్దం తెగుతుంది, జూన్‌లోనూ అక్టోబర్‌లోనూ కాంటాక్ట్ క్లీనర్ కొడతాను. సోల్డరింగ్ చేసిన వైపు నా భార్య ఇచ్చిన రంగులేని నెయిల్ పాలిష్ పూశాను. నాలుగేళ్లయింది, బోర్డుల మీద పచ్చచిలుము పట్టలేదు. వాయించనప్పుడు మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచుతాను.

ఈ వారం డిలే మళ్లీ బల్ల మీదికి వచ్చింది. అవుట్‌పుట్ జాక్ వదులైంది. కొత్తది బిగించడానికి పావుగంట చాలు. వైరు ఎక్కడ అతికించానో చూసుకోకుండానే తెలుసు.