జంటగా స్కేట్ చేసేవాళ్ళు రెండు జతలూ పట్టుకెళ్ళండి

నేను తొమ్మిదేళ్ళు పెయిర్ స్కేటింగ్ (ఒక అబ్బాయి, ఒక అమ్మాయి జంటగా చేసేది) చేశాను. మంచు మీద కాదు, నాలుగు చక్రాల క్వాడ్స్ మీద. అందులో ఏడేళ్ళు నా స్కేట్లూ, నా పార్ట్‌నర్ స్కేట్లూ బెంగళూరు గాంధీ బజార్‌లో స్కేట్లు అమ్మి, బాగుచేసే ఈ షాపు అంకుల్ చేతిలోనే ఉన్నాయి. అప్పట్లో కె.ఆర్.పురం నుంచి గాంధీ బజార్ దాకా నాన్న స్కూటర్ మీద తీసుకొచ్చేవారు. ఇప్పుడు మెట్రో ఉంది. మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి నేషనల్ కాలేజ్ స్టేషన్‌లో దిగితే కాస్త నడక, అంతే. ఇప్పుడు నేనే పిల్లలకి నేర్పుతున్నాను కాబట్టి నెలకోసారైనా బ్యాగు నిండా స్కేట్లు వేసుకుని వస్తుంటాను.

ఈ షాపు గురించి ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది. మీరు జంటగా చేసేవాళ్ళైతే ఒక్కరి స్కేట్లే తెస్తే అంకుల్ ముట్టుకోరు. మొదటిసారి వెళ్ళినప్పుడు నా బ్యాగు చూసి, "అబ్బాయివేవమ్మా? ఇద్దరివీ తెచ్చినారా?" అన్నారు. ఆయనది కోలారు వైపు. తెలుగు, కన్నడ రెండూ కలిపి మాట్లాడతారు. తేలేదంటే, "అయితే ఆదివారం ఇద్దరూ రాండి" అని పంపించేశారు. ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది. ఎందుకలా అన్నారో ఆదివారం అర్థమైంది.

దానికి రెండు నెలల ముందు నా ఎడమ మణికట్టు విరిగింది. అప్పటికి నాకు పన్నెండేళ్ళు, మా అన్నకి పదహారు. (పార్ట్‌నర్‌ని మొదటి రోజు నుంచీ అన్నా అనే పిలిచాను, ఇప్పటికీ అంతే.) అన్న స్కేట్లు వేరే చోట సర్వీస్ చేయించుకున్నాడు. అక్కడివాళ్ళు తన బరువు మాత్రమే చూసి మెత్తటి కుషన్ రబ్బర్లు (చక్రాల ఇరుసు దగ్గర ఉండి, స్కేట్ ఎంత ఒరగాలో తేల్చేవి) వేశారు. ఒక్కడే తిరుగుతున్నప్పుడు స్కేట్ వెన్నలా వంగింది. నన్ను పైకెత్తి తిరగగానే బరువంతా ఒక పక్కకి ఒరిగి, లోపలి చక్రం బూటు అడుగుకి రాసుకుని ఠక్కున పట్టేసింది. ఇద్దరం పడ్డాం. ఆరు వారాలు కట్టు. హిందూపురం నుంచి అవ్వ ఫోన్ చేసి, "మొగపిల్లోడు ఎత్తేదేంది, నువ్వు ఎక్కేదేంది, ఇంక చాల్లే" అని ఏడ్చింది. అమ్మ కూడా మాన్పించేద్దామనే అంది. నాన్న మాత్రం, "పడింది పిల్లల తప్పు వల్లో, సామాను తప్పు వల్లో ముందు తేలనీ" అన్నారు. అలా వెతుక్కుంటూ ఇక్కడికొచ్చాం.

ఆ ఆదివారం అంకుల్ చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. కౌంటర్ మీద మందపాటి అద్దం పలక ఒకటి ఉంటుంది. అన్న కుడి స్కేట్ దాని మీద పెట్టి, కళ్ళు అద్దం ఎత్తుకి వచ్చేలా వంగి చూశారు. నాలుగు చక్రాలూ ఆనాలి. వెనక ఎడమ చక్రం కింద సన్నటి వెలుతురు గీత కనబడింది. ఆ చక్రం విప్పి బేరింగ్‌ని వేలికి తొడిగి, చెవి దగ్గర పెట్టుకుని తిప్పారు. గరగరలాడింది. తర్వాత బొటనవేలితో స్కేట్‌ని అటూ ఇటూ ఒరిగించి రబ్బరు ఎంత నలుగుతోందో చూశారు. అప్పుడు గోడ పక్కనున్న బరువు మిషన్ చూపించి ఇద్దరినీ ఎక్కమన్నారు. అన్న యాభై ఎనిమిది, నేను ముప్పై నాలుగు.

"ఎత్తినప్పుడు వీడి కాలి కింద స్కేట్ తొంభై రెండు కిలోలు మోయాల. వీడి బరువుకి కట్టినారు. నువ్వు లెక్కలో లేవమ్మా."

ఆ మాటతో మా ఇంట్లో గొడవ సద్దుమణిగింది.

గట్టి రబ్బరు వేసేస్తే సరిపోతుందా అంటే సరిపోదు. మరీ గట్టిదైతే అన్న విడిగా చేసే స్పిన్, ఎడ్జ్ పట్టాల్సిన (స్కేట్‌ని ఒక పక్కకి ఒరిగించి తిరగాల్సిన) మలుపు రెండూ మొండికేస్తాయి. డెత్ స్పైరల్‌లో అబ్బాయి ఒక చోట నిలబడి అమ్మాయిని నేలకి దగ్గరగా తిప్పాలి, అక్కడ ఇంకో రకం ఒత్తిడి. అంకుల్ పైన ఒక గట్టిదనం, కింద ఒక గట్టిదనం వేసి, నట్టు పావు తిప్పు బిగించి, షాపు ముందున్న సిమెంటు నేల మీద తిరిగి చూడమన్నారు. మళ్ళీ విప్పారు. మళ్ళీ బిగించారు. నాలుగుసార్లు. రెండు గంటలు పట్టింది. తీసుకున్నది రబ్బర్ల డబ్బులు, బేరింగుల డబ్బులు, పైన మూడు వందలు.

ఇంకో సంగతి. అమ్మాయి బరువు ఆయన నలుగురిలో ఎప్పుడూ చదవరు. నోట్‌బుక్‌లో రాసుకుని మూసేస్తారు. పెయిర్స్‌లో ఆడపిల్లకి "తిండి తగ్గించు" అనే మాట రింకులో, ఇంట్లో, బస్సులో అన్నిచోట్లా వినబడుతుంది. పెరిగే వయసులో ఆ మాట ఎంత చేటు చేస్తుందో నేను చూశాను. ఏడేళ్ళలో ఈ షాపులో ఆ మాట నేను ఒక్కసారీ వినలేదు. నేను రెండు కిలోలు పెరిగితే అన్న స్కేట్‌లో రబ్బరు మారేది. అంతే.

పార్ట్‌నర్ స్కేట్ మీకు సంబంధం లేని వస్తువు అనుకునే తల్లిదండ్రులకి నేను మంచు మీద పెయిర్స్ చేసిన రష్యా స్కేటర్ ఎలెనా బెరెజ్నయా సంగతి చెబుతాను. 1996లో రీగాలో ప్రాక్టీసు చేస్తుండగా, పక్కపక్కనే స్పిన్ తిరుగుతున్నప్పుడు పార్ట్‌నర్ బ్లేడు ఆమె తలలో దిగింది. మాట పోయింది, నడక మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది. తర్వాత అంటోన్ సిఖరూలిద్జెతో జతకట్టి 1998 నగానో ఒలింపిక్స్‌లో రజతం, 2002 సాల్ట్ లేక్‌లో స్వర్ణం గెలిచింది. భయపెట్టడానికి చెప్పను. ఇద్దరి సామానూ ఇద్దరిదీ అని తెలియాలని చెబుతాను. మన దగ్గర ఈ ఆటకి భవిష్యత్తు ఉందా అని అడిగేవాళ్ళకి 2010 గ్వాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్ గుర్తు చేస్తాను. రోలర్ స్కేటింగ్ పెయిర్స్‌లో అనూప్ కుమార్ యామా, అవని పంచాల్ మనకి కాంస్యం తెచ్చారు. అనూప్ సింగిల్స్‌లోనూ కాంస్యం గెలిచారు. 2015లో అర్జున అవార్డు అందుకున్నారు.

కొత్త బూట్లు కొనేవాళ్ళకి: మీరు రోజూ వేసుకునే సాక్సే తెచ్చుకోండి. మడమ లేస్తే అంకుల్ ఆ సైజు ఇవ్వరు. "ఎదిగే పిల్ల కదా, రెండు సైజులు పెద్దవి ఇవ్వండి" అన్న ఒకావిడకి అమ్మనే అమ్మలేదు. డబ్బు కలిసొస్తుందని ఆవిడ అడిగింది, తప్పు పట్టను. కానీ వదులు బూటుతో దూకితే చీలమండ ఏమవుతుందో ఆయనకి తెలుసు. ఇటలీ బూట్లు, ప్లేట్లు (బూటు కింద చక్రాలు బిగించేవి) కావాలంటే అడ్వాన్స్ కట్టి ఐదారు వారాలు ఆగాలి. దుకాణంలో పెట్టుకోరు. నాకు నచ్చనిది అదొక్కటే, పోటీల సీజన్‌లో టెన్షన్ పడాల్సి వస్తుంది. బేరింగులు మీవి 7 మిల్లీమీటర్ల యాక్సిల్‌వో (చక్రం తిరిగే ఇరుసు) 8వో చూసుకుని వెళ్ళండి, తిరగాల్సిన పని తప్పుతుంది.

అన్నకి హైదరాబాద్‌లో ఉద్యోగం రావడంతో మా జంట ఆగిపోయింది. ఏడాదిపాటు ఇంకో అబ్బాయితో ప్రయత్నించాను. జర్మనీ ఐస్ స్కేటర్ ఆల్యోనా సావ్‌చెంకో ముగ్గురు పార్ట్‌నర్లతో ఐదు ఒలింపిక్స్ ఆడి, ఐదోసారి 2018లో బ్రూనో మాసోతో స్వర్ణం కొట్టింది కదా అని పట్టుదలగా చేశాను. కొత్తబ్బాయికి అంకుల్ మొదటి నుంచి రబ్బర్లు కట్టారు, మూడుసార్లు మార్చారు. మా ఇద్దరి లయ కలవలేదు. నేను ఆపేస్తున్నానని చెప్పడానికి వెళ్ళిన రోజు ఆయన ఏమీ అనలేదు. నా స్కేట్లు తీసుకుని బేరింగులు కడిగి, నూనె వేసి, గుడ్డలో చుట్టి ఇచ్చారు. "పాడు కానీకు" అన్నారు, అంతే. ఐస్ స్కేటర్ డియానా స్టెల్లాటో-డ్యూడెక్ ఆట మానేసిన ఎన్నో ఏళ్ళ తర్వాత తన పాత స్కేట్లు బయటికి తీసి, 2024లో నలభై ఏళ్ళ వయసులో మాక్సిమ్ డెషాంప్‌తో ప్రపంచ టైటిల్ గెలిచిందని చదివిన రోజు, నేను అటక మీది నుంచి ఆ మూట దించాను. చక్రాలు ఇంకా నిశ్శబ్దంగానే తిరిగాయి.

పోయిన ఆదివారం నా దగ్గర నేర్చుకునే జంటని తీసుకెళ్ళాను. పాపకి పదకొండు, బాబుకి పద్నాలుగు. పాప ఎదిగింది, లిఫ్ట్‌లో బాబు స్కేట్ ఒరుగుతోంది. బరువు మిషన్ దగ్గరికి రాగానే పాప నా చున్నీ వెనక్కి వెళ్ళింది. అంకుల్ అంకె రాసుకుని నోట్‌బుక్ మూసి, బాబు వైపు తిరిగి, "నీ రబ్బర్లు మార్చాల్రా" అన్నారు. పాప అప్పుడు ముందుకొచ్చి, అద్దం పలక కింద వెలుతురు గీత కోసం ఆయన పక్కన వంగి చూసింది.

సోమవారం సెలవు. రాష్ట్ర పోటీలకి ముందు వారం వెళ్ళకండి, నాలుగు రోజులు పడుతుంది.