పన్నెండొందల ప్లేటూ, మావయ్య వాటా

ముందే చెప్పేస్తున్నా, వర్షాకాలంలో గోదావరి జిల్లాలకు వెళ్తే హోటల్లో పులస చేప ఆర్డర్ చేయకండి. ఎవరు ఎంత ఒట్టేసి చెప్పినా సరే. నేను చేశాను, బిల్లు 3,213 రూపాయలైంది, ఆ కోపం ఇంకా తగ్గలేదు కాబట్టే ఇది రాస్తున్నా.

అమ్మ, మా ఆవిడ, ఎనిమిదేళ్ల పాప, నేను. అమ్మ పుట్టిల్లు కోనసీమలో ముక్తేశ్వరం దగ్గర. ఆరేళ్లుగా వెళ్లలేదు. ఆగస్టులో ఒకరోజు మావయ్య ఫోన్ చేసి "అక్కా, ఎర్రనీరు వచ్చేసింది" అన్నాడు, అంతే. ఆ మాటకు అర్థం గోదాట్లో వరద నీరు వచ్చింది, పులసలు పడుతున్నాయని. అమ్మ ఆ రాత్రే బట్టలు సర్దడం మొదలుపెట్టింది. మా ఆవిడది నల్గొండ, ముళ్ల చేపంటే ఆమడ దూరం, "ఒక్క చేప కోసం ఇంత దూరమా" అని గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కేదాకా అంటూనే ఉంది.

శనివారం తెల్లారి రాజమండ్రిలో దిగాం. రెండు రోజులకు కారు మాట్లాడుకున్నాం, రోజుకు 3,500, డీజిల్‌తో కలిపి. శనివారం అమ్మ నీచు ముట్టదు కాబట్టి ఆ రోజు వాడపల్లి వెంకన్న దగ్గరికి పోయాం. ఏడు శనివారాల మొక్కు వాళ్లందరూ ఆ రోజే వస్తారు, క్యూలో మూడు గంటలు నిలబడ్డాం. మొక్కు లేనివాళ్లు వేరే రోజు వెళ్లండి.

ఆత్రేయపురంలో మాత్రం పాప కదల్లేదు. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను పూతరేకులు చేసే ఆవిడ అలా కుండ మీద లాగడం, మరుక్షణం కాగితం కన్నా పల్చటి రేకు ఊడి రావడం, అరగంట అలాగే చూసింది. 2023లో ఈ పూతరేకులకు, ఇవి ఈ ఊరి ప్రత్యేకతే అని చెప్పే జీఐ గుర్తింపు కూడా వచ్చింది. పది ఉన్న డబ్బా 250. డ్రైఫ్రూట్స్ వేసినవి కొనకండి, రేకు రుచి తెలియదు. ఉత్త నెయ్యి, బెల్లం వేసినవి అడిగి తీసుకోండి. రాత్రికి మళ్లీ రాజమండ్రి వచ్చి లాడ్జిలో పడుకున్నాం. గది 1,800, పాపకు పరుపు 400, గీజర్ మాత్రం గోడకు అలంకారం.

ఇక ఆదివారం సంగతి. నాకో గొప్ప ఆలోచన వచ్చింది. మావయ్యది రెండెకరాల కొబ్బరితోట, కొడుకుది చిన్న ఉద్యోగం, మేం నలుగురం వెళ్లి పులస పెట్టమంటే ఆయన ఎక్కడి నుంచి తెస్తాడు? అందుకే దారిలో నేనే అమ్మకు కడుపునిండా పెట్టించేస్తే ఆ బరువు ఆయన మీద పడదు కదా అనుకున్నా. అడిగితే హోటల్ కుర్రాడు "గోదారి పులసేనండి, ఆయ్, పొద్దున్న పడిందే" అన్నాడు. ప్లేటు 1,200. రెండు ముక్కలు, చిన్న గిన్నెలో పులుసు. రెండు ప్లేట్లు, మూడు భోజనాలు 220 చొప్పున, పైన జీఎస్టీ.

అమ్మ ఒక ముద్ద కలిపి తింది. రెండోది తినలేదు. "విలసరా ఇది" అంది, మెల్లగా, పక్క టేబుల్ వాళ్లకు వినపడకుండా. అప్పుడు కూడా నేను ఒప్పుకోలేదు, గట్టిగానే వాదించాను, డబ్బు కట్టేవాడిని నేను కదా. తర్వాత కారు ధవళేశ్వరం బ్యారేజీ దాటుతుంటే డ్రైవర్ విడమర్చి చెప్పాడు. సముద్రంలో ఉన్నంతసేపూ అది విలస. గుడ్లు పెట్టడానికి వరద నీటికి ఎదురీదుకుంటూ గోదాట్లోకి వచ్చి ఒంట్లో ఉప్పు వదిలాకే పులస అవుతుంది. కాటన్ దొర 1852లో ఆనకట్ట కట్టించిన చోటే ఇప్పుడీ బ్యారేజీ, దాని దిగువనే ఎక్కువగా వలల్లో పడుతుంది. పడేవి తక్కువ, తినాలనుకునేవాళ్లు లక్షల్లో, అందుకే ఒడిశా, బెంగాల్ వైపు నుంచి ఐసు పెట్టెల్లో వచ్చే చేపను పులస పేరుతో అమ్మేస్తుంటారట. "ముందే నన్ను అడగాల్సిందండి" అన్నాడు. మా ఆవిడ కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది. నవ్వుతోందని నాకు తెలుసు.

రావులపాలెం, కొత్తపేట మీదుగా మధ్యాహ్నానికి ఊరు చేరాం. మావయ్య గుమ్మంలోనే "దారిలో ఏం తిన్నారక్కా" అన్నాడు. "సాంబారన్నం" అంది అమ్మ, రెప్ప వేయకుండా.

పెరట్లో కట్టెల పొయ్యి మీద మట్టి దాక అప్పటికే ఎక్కింది. బెండకాయలు, పచ్చిమిర్చి, చింతపండు పులుసు, ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనె, చివర్లో కాస్త వెన్న. గరిట పెట్టనివ్వలేదు అత్తయ్య, ముక్క చితికిపోతుందని దాకనే గుడ్డతో పట్టుకుని తిప్పింది. సన్నటి సెగ మీద గంటలు గంటలు. చీకటి పడేసరికి వాసనకు నాకు నోరూరిపోతోంది, "ఇవాళ కాదు, రేపు పొద్దున్న" అని మూత పెట్టేసింది. ఆ రాత్రి మాకు పప్పుచారు, వడియాలు. అమ్మ, అత్తయ్య అరుగు మీద కూర్చుని, మా తాతయ్య ఉన్నప్పుడు ఒక్క చేపను ఎన్నిళ్లకు పంచేవాడో లెక్కలు వేసుకుంటున్నారు, పన్నెండని ఒకరు, కాదు పద్నాలుగని ఇంకొకరు.

పొద్దున్న ఏడింటికి విస్తళ్లు వేశారు. ఎదురింటివాళ్లు, పక్క వీధి చిన్న తాతయ్య వాళ్లు, ఎవరి గిన్నె వాళ్లు పట్టుకుని వచ్చారు. అప్పుడు అర్థమైంది. కిలో పైచిలుకు చేప, తొమ్మిది వేలట, ఐదిళ్లవాళ్లు కలిసి వాటా వేసుకుని కొన్నారు. మా మావయ్య కొడుకు నా చెవిలో చెప్పాడు. ఒక్కో ఇంటికి వచ్చేది రెండు మూడు ముక్కలు. అందులో గుడ్లున్న ముక్క, ఆడపడుచు వచ్చిందని అమ్మ విస్తట్లో. పుస్తెలమ్మైనా పులస తినాలి అంటారు గానీ ఇక్కడ ఎవరూ పుస్తెలు అమ్మలేదు, ఐదిళ్ల జేబులు తడుముకున్నారు.

రుచి చెప్పమంటే, నూనెలో కాదు, చేపలోనే ఉన్న కొవ్వు అది. ముక్క అంగిట్లో కరిగిపోతోంది, పులుసు అన్నం ముద్దకు పట్టి వదలట్లేదు. ముళ్లు మాత్రం లెక్కలేనన్ని. మా ఆవిడ ముక్క జోలికి పోలేదు, ఉత్త పులుసుతో మూడుసార్లు అన్నం పెట్టించుకుంది. "ఇంకొంచెం వేయనా అమ్మా" అని అత్తయ్య అడిగిన ప్రతిసారీ వద్దనకుండా విస్తరి ముందుకు జరిపింది.

తిరుగు ప్రయాణం పంటు మీద, అంటే రేవు దాటించే పెద్ద పడవ మీద, కోటిపల్లికి, అక్కడి నుంచి కాకినాడ. వరద పెరిగితే పంటు ఆపేస్తారు, బయలుదేరే ముందు రేవులో కనుక్కోండి. మాకు అదృష్టం బాగుంది. మావయ్య రేవు దాకా వచ్చాడు, పాప చేతిలో పూతరేకుల డబ్బా, అమ్మ చేతిలో మిగిలిన పులుసు ఉన్న స్టీలు క్యారియరు. పంటు ఎక్కుతుండగా పాప "తాతయ్యా, హోటల్లో పులస కన్నా నీదే బావుంది" అంది.

మావయ్య నా వైపు చూశాడు. "ఎంత తీసుకున్నాడ్రా అల్లుడూ?"

ఐదొందలన్నాను. దానికే తల పట్టుకున్నాడు.